సింహం లేదా?

ఆ సోమవారం పొద్దున ప్రభుదాసు పెట్టుకున్న పని ఒక్కటే. సిరిసిల్లలో జెండాలు అచ్చువేసే మొగిలయ్యకు మెసేజీ పంపడం. ప్రభుదాసు ఇంగ్లీషు చెప్పే కోరుట్ల బడికి బుధవారం వార్షికోత్సవం. యజమాని ప్రేమ్‌సాగర్ కొత్త జెండా కావాలన్నాడు. మామూలు జెండా కాదు, ఇంగ్లండు రాజులు డాళ్ల మీద వేయించుకున్నటువంటిది. అది కుదిరితే ప్రభుదాసు ఉద్యోగం పర్మనెంటు. అప్పుడిక వాళ్లమ్మ కొమురమ్మ బీడీలు చుట్టే చాట పక్కన పెట్టొచ్చు. పాపం, ఆయన ఆశంతా అదే.

అందుకే ఆదివారమంతా కూర్చుని ఆ డాళ్ల భాష బట్టీ పట్టాడు. 'అజ్యూర్' అంటే నీలం. 'ర్యాంపెంట్' అంటే వెనక కాళ్ల మీద లేచి నిలబడ్డది. 'ఆర్' అంటే బంగారు రంగు. బంగారానికి ఇంత చిన్న మాటా అని మురిసిపోయి, "అజ్యూర్, ఎ లయన్ ర్యాంపెంట్ ఆర్" అని ఉన్నదున్నట్టు పంపేశాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు మరి.

మొదటి రెండు మాటలకు అర్థం మొగిలయ్యకు ఫోనే చెప్పింది. మూడోదానికి ఎవర్నీ అడగక్కర్లేదనుకున్నాడు. 'ఆర్' అంటే 'లేదా' అని బడిలోనే నేర్చుకున్నాడాయన. కానీ సింహం, లేదా... ఆ తర్వాత ఏమీ లేదు. ఫోన్ చేశాడు.

"సార్, నీలం బట్ట, రెండు కాళ్లు, గదంత సమజైంది. సింహం లేదా?"

అటు మరమగ్గాల చప్పుడు, ఇటు ఐదో తరగతి గోల. మొగిలయ్య దగ్గర సింహం అచ్చే లేదనుకున్నాడు ప్రభుదాసు. "సింహం లేదా? అయ్యో! లేకుంటే గసొంటిదే ఇంకోటి ఎయ్యిండ్రి. నాలుగు కాళ్లు, తోక ఉంటె సాలు. బంగారు రంగు మర్శిపోకుండ్రి!"

"గదే అడుగుతున్న. ఇగ నా ఇష్టమన్నట్టు," అని మొగిలయ్య పెట్టేశాడు. గంభీరావుపేట మేకల పెంపకందార్ల సంఘానికి వేసిన అచ్చు ఆయన దగ్గర సిద్ధంగా ఉంది.

బుధవారం జెండా ఎగిరింది. నీలం బట్ట మీద బంగారు మేక, చెట్టుకొమ్మ అందుకుంటున్నట్టు ముందుకాళ్లెత్తి నిలబడింది. ఒకటో తరగతి పిల్లలంతా "మే..." అన్నారు.

"ఏందయ్యా ఇది? సింహమేది?" ప్రేమ్‌సాగర్ పళ్లు నూరాడు. "రేపు పొద్దుగాల సింహం ఎగురాలె. లేకుంటే నువ్వు ఎగురుతవ్!"

ప్రభుదాసు ఉన్నపళంగా సిరిసిల్ల బస్సెక్కాడు. 'లేదా' సంగతి అక్కడ బయటపడింది. నవ్వాలో ఏడవాలో తెలియక ఇద్దరూ చాయ్ తాగారు. మొగిలయ్య మాత్రం మంచివాడు, చేతిలో పని ఆపి బంగారు సింహం అచ్చువేసి ఇచ్చాడు.

గురువారం సింహం సగం స్తంభం ఎక్కిందో లేదో, ప్రేమ్‌సాగర్ చేతులూపుతూ ఉరికొచ్చాడు. "దించు, దించు! మేకేది?"

మేక ఫొటో అందరి ఫోన్లలో తిరిగిందట. గేటు దగ్గర ఒకటే జనం. రాయికల్ నుంచి సమ్మక్క అనే ముసలామె ఇద్దరు మనవలను చెరో చేత పట్టుకొచ్చింది. "మేకల బడి గిదేనా కొడుకా? మా పోరగాండ్లు బడంటెనే ఏడుస్తుండిరి. గీడికైతె పోతమంటున్నరు."

"సార్, మరి సింహం..." ప్రభుదాసు నసిగాడు.

"సింహాన్ని జూస్తె ఉరుకుతరు గాని, దగ్గరికొస్తరా? మేకనెక్కియ్యి. నీ పర్మనెంటు ఆర్డరు సాయంత్రం తీస్కపో."

ప్రభుదాసుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. స్తంభం వదలకుండానే కొమురమ్మకు ఫోన్ చేశాడు. "అమ్మా, ఇగ బీడీలు బంద్ చెయ్యి."

సింహం ఇప్పుడు స్టాఫ్ రూములో చాయ్ బల్ల మీద పరుచుకుని ఉంది. పడుకున్న సింహానికి కూడా ఆ రాజుల భాషలో ఒక మాట ఉంది గానీ, ప్రభుదాసు దాన్ని ఎవరికీ చెప్పలేదు.