ఐదో అంతస్తు ఫైలు

ఆ సోమవారం పొద్దున రికార్డులావిడ చేయాల్సిన పనులు రెండే. ఒకటి, తన ఒంటిపేజీ అర్జీని ఆఫీసు కౌంటర్లో ఇవ్వడం. రెండు, తొమ్మిది పేజీల ఉత్తరాన్ని గేటు పక్కనున్న పోస్టు డబ్బాలో వేయడం. రెండూ కలిపి ఐదు నిమిషాల పని. పట్టింది పన్నెండు రోజులు.

అర్జీ సంగతి ముందు చెప్పుకోవాలి, ఆవిడ ప్రాణమంతా దాని మీదే ఉంది. ఆరేళ్ళుగా ఆవిడ పనిచేసే రికార్డుల గది నేలమాళిగలో ఉంది. కిటికీ అన్నది లేదు. బయట వానో ఎండో పైనుంచి దిగివచ్చేవాళ్ళ చెప్పులు చూసి తెలుసుకోవాలి. కళ్ళ డాక్టరు రెండుసార్లు అద్దాలు మార్చి, మూడోసారి "అద్దాలు కాదమ్మా, గది మార్చు" అన్నాడు. వెలుతురున్న గది ఇప్పించమని ఏడు అర్జీలు పెట్టింది. ఏడింటికీ "ఖాళీ గది లేదు" అనే జవాబు. ఇది ఎనిమిదోది.

ఇక ఉత్తరం. ప్రతి ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ పనులు మానుకుని చూసే టీవీ సీరియల్ ఒకటుంది. అందులో ఒక పెద్ద కంపెనీ, అందరికీ బూడిదరంగు కోట్లు, గంటకోసారి మోగే గంట. ఎవరికీ తాము చేస్తున్న పనేమిటో తెలియదు. ప్రమోషన్ వచ్చినవాడు ఐదో అంతస్తుకి వెళతాడు, మళ్ళీ కిందికి రాడు. అక్కడేముందో ఇరవై వారాలుగా చెప్పకుండా జనాన్ని చంపుకు తింటున్నారు. ప్రేక్షకుల అభిప్రాయాలు పంపితే మంచివాటిని టీవీలో చదువుతామని కూడా ప్రకటించారు.

"పైన మనుషులెవరూ లేరని రాశావా?" గుమ్మం దగ్గర అత్తగారు అడ్డం పడింది.

"లేదత్తయ్యా. మేనేజరే అందర్నీ దాచిపెట్టాడని రాశాను."

"నీ మొహం! పైనున్నది ఒక్క యంత్రం. గంట కొట్టేది కూడా అదే."

"మేనేజరు కూడా ఖైదీయే. మీ ఇద్దరికీ అసలు అర్థం కాలేదు" అన్నాడు ఆవిడ భర్త, సగం గడ్డం గీసుకుని వచ్చి.

"సగంలో గురక పెట్టేవాడివి, నీకో అభిప్రాయమా?" అంది తల్లి.

ఉత్తరం బాగానే రాసింది గానీ, ఒక్కటే చిక్కు. ఆరేళ్ళు ఆఫీసు కాగితాల మధ్య బతికిన మనిషి మామూలు ఉత్తరం రాయడం మరిచిపోయింది. పైన "గౌరవనీయులైన అధికారి గారికి" అని పెట్టి, కింద "విషయం: ఐదో అంతస్తు తలుపు మూసి ఉంచుట, పైకి వెళ్ళినవారు తిరిగి రాకపోవుట, విచారణ కోరుట గురించి" అని రాసి, దాని కింద గీత కూడా గీసింది. అంశాలకి నంబర్లు వేసింది. సీరియల్ అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. వాళ్ళ సీరియల్ సంగతి వాళ్ళకే చెప్పడమెందుకు అనుకుంది. తన ఆఫీసుకి కూడా ఐదంతస్తులున్నాయన్న ఆలోచనే రాలేదు. నేలమాళిగలో ఉండేవాళ్ళకి ఐదో అంతస్తుతో పనేముంటుంది?

కవరు అంటించే జిగురు కౌంటరు మీద ఉంటుంది కాబట్టి రెండు కాగితాలూ పట్టుకుని నేరుగా అక్కడికే వెళ్ళింది. అప్పుడే ఫోను మోగింది. అత్తగారు.

"ఆ యంత్రానికి నూనె ఎవరు పోస్తున్నారో అది కూడా రాయి!"

అది కాదత్తయ్యా, ఇది కాదత్తయ్యా అంటూ అటు తిరిగిందో లేదో, వెనక ఠప్పుమంది. కౌంటర్లో కూర్చునే పెద్దాయనకి ఊరంతా పెట్టిన పేరు ముద్దర బాబాయ్. "విషయం" అన్న మాట కనిపిస్తే చాలు, ఆయన చెయ్యి ఆగదు. అర్జీ, ఉత్తరం కలిపి పిన్ను కొట్టి, ఒకే నంబరు వేసి, ఒకే ముద్ర కొట్టేశాడు.

"అయ్యయ్యో బాబాయ్! ఆ తొమ్మిది పేజీలూ నావి, ఇచ్చెయ్!"

"ముద్ర పడ్డాక నీవేమిటమ్మా? ఆఫీసువి. కావాలంటే వెనక్కి ఇమ్మని అర్జీ పెట్టుకో."

పెట్టుకుంది. దాన్నీ అదే ఫైల్లో కట్టారు. ఇక్కడ ఆ ఆఫీసు పద్ధతి ఒకటి తెలియాలి. అక్కడ ఫైలు చదవరు, లావు చూస్తారు. వారంలో అన్నిటికన్నా లావైన ఫైలు శుక్రవారం డైరెక్టరు బల్ల మీదికి పోతుంది. ఒంటిపేజీ అర్జీలు ఒక ముక్క జవాబుతో ఏ కట్ట కిందో నలిగి చస్తాయి. ఆవిడవి ఏడూ అలాగే చచ్చాయి.

మంగళవారం సూపరింటెండెంటు పిలిపించాడు.

"ఫిర్యాదు ఎందుకు వెనక్కి తీసుకుంటున్నారు? ఎవరైనా బెదిరించారా?"

"ఫిర్యాదు కాదు సార్! అదంతా టీవీలో వచ్చే కథ!"

"రాసివ్వండి."

మూడు పేజీలు రాసిచ్చింది. ఆయన కింద తన అభిప్రాయం జోడించాడు: "అర్జీదారు ఒత్తిడికి లోనై మాట మార్చుచున్నట్లు తోచుచున్నది." కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని ఆవిడకి తెలిసొచ్చింది. సాక్షిగా ఉంటుందని బుధవారం అత్తగారిని వెంటబెట్టుకొచ్చింది. అత్తగారు కుర్చీలో కూలబడి, కళ్ళజోడు సర్దుకుని, "మా కోడలు రాసింది శుద్ధ తప్పు. ఐదో అంతస్తులో మనుషులు లేరు, యంత్రం ఉన్నది" అని ఆరు పేజీల వాంగ్మూలం ఇచ్చి వెళ్ళింది. దాన్ని రెండో ఫిర్యాదుగా నమోదు చేశారు. శుక్రవారానికి ఫైలు తలగడంత అయింది. డైరెక్టరు దాన్ని రెండు చేతులా ఎత్తి చూసి, "ఇంత లావుందంటే ఏదో ఉంది" అని, వచ్చే శుక్రవారం విచారణ జరపమని ఉత్తర్వు వేశాడు.

ఆ సాయంత్రమే ఆఫీసు మేనేజరు ఆవిడని తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మనిషి చెమటతో తడిసిపోయి ఉన్నాడు.

"అమ్మా, ఐదో అంతస్తు సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేమిటి సార్, ఊరూవాడా అందరికీ తెలుసు. వారం వారం ఇదే చర్చ."

"ఊరూవాడానా!" అని ఆయన గ్లాసెడు నీళ్ళు గటగటా తాగేశాడు. "విచారణ జరిగితే నీ అర్జీ గతి ఇక అంతే. నేనున్నంతకాలం నీకు కిటికీ రాదు."

ఆ మాటకి ఆవిడకి ఏడుపొచ్చింది. మెట్లు దిగి తన గదిలో కూర్చుని నిజంగానే ఏడ్చింది. టీవీ పిచ్చితో నోటిదగ్గరి ముద్ద చేజేతులా పారేసుకున్నానని తనని తానే తిట్టుకుంది.

శుక్రవారం విచారణాధికారిణి వచ్చింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. దొరికినవాళ్ళందరినీ ఎదురుగా కూర్చోబెట్టి ఫైలు తెరిచింది.

"ఒకటో అంశం. పైకి వెళ్ళినవాళ్ళు కిందికి ఎందుకు రావడం లేదు?"

"మేడమ్, అది..." అంటూ రికార్డులావిడ లేవబోయింది. మేనేజరు అంతకన్నా ముందే లేచాడు.

"వస్తారండీ! భోజనమయ్యాక కాస్త కునుకు తీస్తారు, నాలుగింటికల్లా దిగొచ్చేస్తారు!"

అందరూ మేనేజరు వైపు తిరిగారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అందరూ విన్నదే గానీ, కళ్ళారా చూడటం అదే మొదటిసారి.

అధికారిణి తల ఎత్తకుండా పేజీ తిప్పింది. "రెండో అంశం. గంట ఎందుకు కొడుతున్నారు?"

"లేపడానికండీ. లేపకపోతే లేవరు."

"మూడు. తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

మేనేజరు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

అందరూ మెట్లెక్కారు. ఐదో అంతస్తు తలుపు మీద "మరమ్మతులు జరుగుచున్నవి" అన్న బోర్డు ఆరేళ్ళుగా వేలాడుతోంది. తలుపు తీస్తే పొడుగాటి హాలు, మూడు వైపులా కిటికీలు, ఆరు పడక కుర్చీలు, మధ్యలో పౌడరు చల్లిన క్యారమ్ బోర్డు. ఒక కుర్చీలో సూపరింటెండెంటు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆ రోజు గంట కొట్టేవాళ్ళు లేరు.

రికార్డులావిడకి ముందు కనిపించింది కుర్చీలూ కాదు, ఆయనా కాదు. ఎండ. నేలంతా పరుచుకున్న ఎండ. ఆవిడ ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళుగా మింగిన మాట ఒక్కసారి బయటికొచ్చింది.

"ఏడుసార్లు అడిగాను మేడమ్! ఏడుసార్లూ ఖాళీ గది లేదన్నారు! నా కళ్ళు పోతుంటే ఇక్కడ క్యారమ్ ఆడుకున్నారు! ఈ గది రికార్డులకి ఇవ్వండి. ఇవ్వందే నేను కిందికి దిగను."

"అడిగితే ఇవ్వడానికి కుదరదమ్మా. అర్జీ ఉండాలి" అంది అధికారిణి.

"ఉందండీ! అదే నంబరు!" మెట్ల దగ్గర్నుంచి ముద్దర బాబాయ్ కేక పెట్టాడు.

నిజమే. ఫైల్లో మొట్టమొదటి కాగితం ఆ ఒంటిపేజీ అర్జీయే. అధికారిణి అక్కడే క్యారమ్ బోర్డు మీద పెట్టి "మంజూరు" అని రాసి సంతకం చేసింది. రికార్డులావిడ ఆనందం పట్టలేక బాబాయ్ చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది. సాయంత్రానికి బీరువాలు పైకెక్కాయి, పడక కుర్చీలు నేలమాళిగలోకి దిగాయి, వాటి లెక్క తేల్చమని మేనేజరునీ వాటితో పాటే దింపారు.

వెళ్ళేముందు అధికారిణి ఆవిడని కిటికీ దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది.

"మొదటి పేరాలోనే తెలిసింది, అది సీరియల్ గురించని. మా ఇంట్లోనూ ఒక్క వారం వదలం. కానీ ఫైలంటూ వచ్చాక ప్రశ్నలు అడగాలి కదా, అడిగాను."

"మరి నా అభిప్రాయం ఎలా ఉందండీ?" ఆవిడ ఆశగా అడిగింది.

"ఏమీ బాగాలేదు. మీ అత్తగారే కరెక్టు."

సోమవారానికల్లా ఎండ సూటిగా కళ్ళలో పడుతోందని, కర్టెన్లు ఇప్పించమని ఆవిడ కౌంటర్లో కొత్త అర్జీ ఇచ్చింది. ముప్పై రెండు పేజీలు.