మూసీకి ట్యాంకర్ నీళ్లు

మూసీ నదిలో నీళ్లు లేవన్న పుకారును నదీ పునరుద్ధరణ సమితి తీవ్రంగా ఖండించింది. నీళ్లు ఉన్నాయనీ, కాకపోతే కాస్త నల్లగా, నురగతో ఉన్నాయనీ వివరించింది. 2008 వేసవిలో ఉప్పల్ దగ్గర నదికి హారతి ఇవ్వాలని తీర్మానించింది.

ముఖ్య అతిథి దోసిట్లోకి నది నీళ్లు తీసుకోవాలి. ఆయన డాక్టరు వద్దన్నాడు. అప్పుడు ఇంజినీరు రామ్మోహనరావు గారు ఒడ్డున గొయ్యి తవ్వించి, నీలం టార్పాలిన్ పరిపించి, మంచినీళ్లతో నింపించారు. కాగితాల్లో దాని పేరు ‘పునరుద్ధరించిన నదీ భాగం’. నది వచ్చి నదిలో కలవకుండా మధ్యలో మట్టికట్ట కూడా వేయించారు.

ఆ నీళ్లు గురువారం చిల్కానగర్ వెనక బస్తీకి రావలసినవి. బస్తీలో రాములమ్మ కోడలు త్రివేణి పది రోజుల బాలింత. మర్నాడే పురుడు. తల్లీబిడ్డలకు తలంటు పోయాలి, మైల బట్టలు ఉతకాలి, ఇల్లు కడగాలి. డ్రమ్ములో చెంబెడు నీళ్లు లేవు.

ట్యాంకర్ ఏటికి పోయిందని డ్రైవర్ దేవసహాయం ఫోన్లో చెప్పాడు.

“ఏటికి నీళ్లు పోసుడేందన్నా?” అంది రాములమ్మ.

“ఏటికి దూపైతుందట అక్కా.”

రాములమ్మ రెండు బిందెలు పట్టుకుని ఆటో ఎక్కింది. ఆమె చేరేసరికి అతిథి ప్రసంగిస్తున్నారు. “మూసీ మన తల్లి. నేడు ఆ తల్లికి మంగళస్నానం చేయించాం.” చప్పట్లు బాగానే పడ్డాయి.

రాములమ్మ నేరుగా పోయి గొయ్యిలో బిందె ముంచింది. కాపలావాళ్లు అడ్డుపడ్డారు.

“గివి ఏటి నీళ్లు గావు సారూ, మా ట్యాంకర్‌వి. రేపు పురుడున్నది. రెండు బిందెలు ముంచుకపోత.”

రామ్మోహనరావు గారు కోప్పడలేదు. ఆమెనే కెమెరా వైపు తిరిగి ఇంకోసారి ముంచమని మర్యాదగా అడిగారు. ఆమె ముంచింది.

ఆ రెండు బిందెలతో తల్లీబిడ్డల స్నానాలు అయ్యాయి. ఇల్లు కడగడం మిగిలిపోయింది. అదే ఉదయం పేపర్లో రాములమ్మ ఫొటో వచ్చింది, ‘మూసీ నీళ్లు వాడుకుంటున్న ప్రజలు’ అని.

తర్వాతి గురువారం ట్యాంకర్ రాలేదు. రాములమ్మ నీళ్ల ఆఫీసుకు వెళ్లి అడిగితే ఆ ఫొటోనే చూపించారు. పక్కనే మంచినీటి నది ఉన్న బస్తీలకు ట్యాంకర్లు అనవసరమని ఉత్తర్వు వచ్చిందట. అది నది కాదు, గొయ్యి అని ఆమె అంది. ఏ గొయ్యి అని వాళ్లు అడిగారు. టార్పాలిన్ అప్పటికే మడతపెట్టేశారు.

మన కాలనీ సంఘం సమితిని ఏకగ్రీవంగా అభినందించింది. సభ ముగిశాక అందరం ఇళ్లకు పోయి, హాయిగా స్నానాలు చేసి, ఆ నీళ్లను రోజూలాగే గొట్టం గుండా మూసీకి పంపించాం.