లోపాల సంఖ్య సున్నా

ఆసుపత్రుల్లో రోగులకు టోకెన్ నంబర్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే ఒకానొక ఆఫీసులో లోపాలు సమూలంగా నిర్మూలించబడ్డాయని ఇందుమూలంగా తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. ఈ ఘనకార్యానికి మూలపురుషుడు నాలుగో అంతస్తులో కిటికీ పక్కన కూర్చునే ప్రోగ్రామర్. అతన్ని అందరూ హెడ్‌లైన్ అని పిలుస్తారు.

ఆ పేరు ఊరికే రాలేదు. రోజూ పదకొండుకు పావు తక్కువకి ప్రోగ్రామర్లు ఏడెనిమిది మంది కాఫీ మిషను చుట్టూ చేరి ఆ పూట టెక్నాలజీ వార్తల మీద జోకులు వేసుకోవడం ఆ ఆఫీసు ఆచారం. ఏదో కంపెనీ ఫ్రిజ్ తనంతట తనే పాలు తెప్పించుకుందంటే ఒకడు అందుకునేవాడు, ఏదో యంత్రం కవిత్వం రాసిందంటే ఇంకొకడు. దీనికి ఒక్కటే నియమం, శీర్షిక దాటి వార్త చదవకూడదు. చదివితే విషయం అర్థమవుతుంది. అర్థమైనవాడు జోకు వేయలేడు గనక ఆ పూటకి నోరు మూసుకుని కాఫీ తాగాలి. మనవాడు ఆరేళ్లలో ఒక్క వార్త కూడా పూర్తిగా చదివిన పాపాన పోలేదు. అందుకే అంతటివాడయ్యాడు.

అతని పక్క బల్ల అక్కది. వయసులో పెద్దది కాబట్టి డైరెక్టర్ గారు తప్ప అందరూ ఆవిడని అక్క అనే పిలిచేవారు. ప్రోగ్రామర్లు రాసినదాన్ని వాడి చూసి, ఎక్కడ తప్పుతోందో పట్టుకోవడం ఆవిడ ఉద్యోగం. చెయ్యి వణుకుతున్న ముసలివాళ్లు నొక్కినట్టు ఓసారి, క్యూలో నిలబడి విసిగిపోయినవాళ్లు నొక్కినట్టు ఓసారి నొక్కి చూసేది. దొరికిన తప్పుని లోపాల పట్టికలో ఎక్కించేముందు మనవాడి చెవిన వేసేది.

"తమ్ముడూ, పదమూడు తర్వాత మళ్లీ పదమూడే వస్తోంది. భోజనాల లోపు సరిచేసుకో, లేదంటే రాసేస్తాను."

అతను సరిచేసుకునేవాడు. ఆ విధంగా ఆఫీసులో అతనికి మంచి పనివాడన్న పేరు నిలిచింది.

ఒక బుధవారం లోకంలో చెప్పుకోదగ్గ వార్త లేదు. కాఫీ చల్లారిపోతోంది. అందరూ హెడ్‌లైన్ మొహం చూస్తున్నారు. ఏం చేస్తాడు పాపం, సొంతంగా ఒక శీర్షిక రాసి, ఆఫీసువాళ్లే తయారుచేసుకున్న కబుర్ల గ్రూపులో పెట్టేశాడు. "పరీక్షించేవాళ్లను తీసేసిన కంపెనీ, నెల తిరక్కుండా లోపాలు సున్నా." రెండు వందల మంది నవ్వు గుర్తు నొక్కారు. అక్క అయితే కళ్లద్దాలు తీసి మరీ నవ్వింది.

"బాగుంది తమ్ముడూ. ఇంక నేను ఇంటికెళ్లి పడుకోవచ్చు" అంది.

డైరెక్టర్ గారు నవ్వలేదు. వార్తలంటే ఆయనకు గౌరవం. ఆయన కూడా శీర్షిక దాటి చదవరు, కాకపోతే అది సరదాకి కాదు, తీరిక లేక. శుక్రవారానికల్లా ఒక కమిటీ వేశారు. కమిటీ మూడు రోజులు శ్రమించి గడిచిన అయిదేళ్ల రికార్డులు తిరగేసింది. లోపాల్లో నూటికి తొంభై అక్క కుర్చీ నుంచే పుట్టుకొస్తున్నాయనీ, అక్క సెలవు పెట్టిన రోజుల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా పుట్టలేదనీ రంగురంగుల గీతలతో నిరూపించింది. నివేదికలో అంకెలన్నీ నిజమేనని మనం ఒప్పుకోవాలి.

డైరెక్టర్ గారు సభ పెట్టారు. "మిత్రులారా, ఇన్నాళ్లూ మనం లోపాలను వెతికాం. వెతికేకొద్దీ అవి దొరికాయి. ఇది విధానపరమైన పొరపాటు. సోమవారం నుంచి మనం వెతకబోవడం లేదు" అన్నారు. చప్పట్లు మోగాయి. అక్క కూడా రెండు చప్పట్లు కొట్టింది. విషయం తన ఉద్యోగం గురించేనని మూడో చప్పట్లో అర్థమై ఆగింది.

హెడ్‌లైన్ తిన్నగా డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లి, "సార్, అది నేను సరదాకి రాసింది. అలాంటి కంపెనీ ఎక్కడా లేదు" అని చెప్పేశాడు.

ఆ గదిలో డైరెక్టర్ గారు నవ్వడం అదే మొదటిసారి. "నీ వినయం నాకు నచ్చిందయ్యా. ఇవాళ లేదు, నిజమే. సోమవారం నుంచి ఉంటుంది. అది మనమే" అని, బల్ల కింద నుంచి ఒక షీల్డు తీసి చేతిలో పెట్టారు. దాని మీద 'ఆవిష్కర్త' అని ఉంది. అక్క గురించి ఇంకో మాట అందామని మనవాడికి నోటిదాకా వచ్చింది. షీల్డు బరువుగా ఉంది. రెండు చేతులతో పట్టుకుని నమస్కారం కూడా పెట్టలేక బయటికి వచ్చేశాడు.

శనివారం సాయంత్రం అక్క తన కప్పూ, భుజాన వేసుకునే శాలువా సంచిలో పెట్టుకుంది. వెళ్తూ వెళ్తూ ఒక కాగితం అతని బల్ల మీద పెట్టింది. చేత్తో రాసినవి ఏడు తప్పులు.

"మూడోది ముందు చూడు తమ్ముడూ. ఇద్దరు ఒకే క్షణంలో మీట నొక్కితే ఇద్దరికీ ఒకే నంబరు పోతోంది. ఆరోది చిన్నదేలే, మన గ్రూపులో నొక్కిన నవ్వు వెనక్కి తీసుకోబోతే ఇంకోటి పడుతోంది. దాంతో ఎవరి కొంపా మునగదు. మూడోది మాత్రం మర్చిపోకు."

"అక్కా, నేను కావాలని..."

"తెలుసు. సరదాకే రాశావు. నేనూ నవ్వానుగా" అంది. అతనికి చచ్చేంత సిగ్గేసింది. మూడోది సోమవారమే చూస్తానని మాటిచ్చాడు.

సోమవారం నాడు కింద హాల్లో దీపాలతో పెద్ద బోర్డు వెలిసింది. లోపాల సంఖ్య సున్నా. ఇక ఇక్కడ నిబంధనలు కాస్త గమనించాలి. తప్పు సరిచేయాలంటే ముందు పట్టికలో ఎక్కించాలి. ఎక్కిస్తే సున్నా పోతుంది. పైగా తప్పు పట్టుకున్నవాడు పరీక్షించేవాడి కింద లెక్క, పరీక్షించేవాళ్లకు ఆఫీసులో చోటు లేదు. మనవాడు కాగితాన్ని సొరుగులో పెట్టి, ఎగిరిపోకుండా పైన షీల్డు పెట్టాడు. రేపు చూద్దామనుకున్నాడు. అలా రెండు నెలలు రేపు చూద్దామనుకున్నాడు.

రెండు నెలల తర్వాత వాళ్ల నాన్నకి మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నాన్నే మీట నొక్కి టోకెను తీసుకున్నాడు. నలభై ఏడు. పక్కనున్నాయనతో, "ఈ మిషను మావాళ్ల ఆఫీసుదే. మావాడే చేశాడు" అన్నాడు. మనవాడికి లోపల్లోపల కాస్త గర్వంగానే అనిపించింది.

నలభై ఏడు వెలిగింది. నాన్న లేచాడు. అవతలి వరసలో ఒక పెద్దావిడ కూడా కూతురి భుజం పట్టుకుని లేచింది. ఆవిడ చేతిలోనూ నలభై ఏడే.

కౌంటర్లో అమ్మాయి రెండు చీటీలూ చూసింది. "రెండు నలభై ఏడులు ఉండవండీ. ఈ సాఫ్ట్‌వేర్‌లో లోపాలు లేవని సర్టిఫికెట్ ఉంది, అదిగో గోడ మీద. మీ ఇద్దరిలో ఒకళ్లది దొంగ టోకెను."

నాన్న మొహం నల్లబడిపోయింది. "ఒరేయ్, నువ్వు చెప్పరా. నీకు తెలుసుగా" అన్నాడు, ఆయాసపడుతూ.

తెలుసు. మూడోది. చెబితే సున్నా పోతుంది, సున్నాతో పాటు ఉద్యోగమూ పోతుంది. "చూస్తాను నాన్నా, మాట్లాడతాను" అని గొణిగాడు. హాల్లో జనం ఫోన్లు పైకెత్తారు. నాన్న కాసేపు కొడుకు వంక చూసి, "ముందు ఆవిణ్ని వెళ్లనివ్వండమ్మా, నాదే దొంగదనుకోండి" అని గోడ పట్టుకుని కూర్చున్నాడు. మనవాడు వెళ్లి కొత్త టోకెను తెచ్చాడు. నూట పన్నెండు.

జేబులో ఫోను మోగింది. ఆఫీసు గ్రూపులో ఎవరో బయటి నుంచి తెచ్చి పెట్టిన కొత్త శీర్షిక. "ఆసుపత్రిలో కొత్త పథకం, ఒక నంబరుకి ఇద్దరు రోగులు." బాగా కుదిరింది. ఆరేళ్ల అలవాటు, వేలు దానంతటదే నవ్వు మీద పడింది. ఆ తర్వాత కింద ఫొటో తెరుచుకుంది. అందులో గోడకి జారబడి, గుండె మీద చెయ్యి వేసుకుని నాన్న ఉన్నాడు.

అతను గబగబా నవ్వు వెనక్కి తీసుకోబోయాడు. ఇంకోటి పడింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ పడింది. పక్కన నాన్న ఊపిరి గట్టిగా వినిపిస్తోంది. మనవాడు నొక్కుతూనే ఉన్నాడు.

సాయంత్రానికి ఆ ఫొటో కింద నాలుగు వందల పదహారు నవ్వులు పోగయ్యాయి. వాటిలో పద్నాలుగు కొడుకువి. మిగతావి వార్తను శీర్షిక దాకా చదివినవాళ్లవి. వాళ్లలో మనం లేమనే అనుకుందాం.