సీలు వేసిన ఓక్

హుల్టరీడ్ పట్టణంలో బడికెళ్లే మూడు వేల మంది పిల్లలూ ఇకమీదట అచ్చమైన ఓక్ చెక్క బల్లల మీదే చదువుకుంటారని కౌన్సిల్ అధ్యక్షురాలు అన్నెలీ స్టూరెసన్ మార్చి నెలలో ప్రకటించింది. ఎన్నికలు సెప్టెంబరులో. రంపపు పొట్టుతో చేసిన బల్ల మీద పొట్టు చదువే వస్తుందని కూడా ఆమె సెలవిచ్చింది. సభ మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. కాఫీ కోసం వచ్చినవాళ్లు కూడా కొట్టారు.

సిక్స్టెన్ యెల్మ్ కూడా కొట్టాడు. కొడుతూనే లెక్క వేశాడు. కోత మిల్లుల్లో మిగిలిన పొట్టును జిగురుతో కలిపి, ప్రెస్‌లో నొక్కి, పైన కాగితమంత పల్చటి ఓక్ పొర అంటించి బోర్డులు చేసే ఫ్యాక్టరీ అతనిది. మనుషులు యాభై ఎనిమిది మంది. ఈ బల్లల ఆర్డరు వస్తే రెండో షిఫ్టు నిలుస్తుంది. రాకపోతే జూన్ నాటికి ఇరవై నాలుగు మంది ఇంటికి పోతారు.

మర్నాడే ఆమె ఆఫీసుకు వెళ్లాడు. ఆ ఊళ్లో ఎంతటివాళ్లనైనా పేరు పెట్టి నువ్వనే అంటారు.

"అన్నెలీ, నువ్వు చెప్పింది వినడానికి బాగుంది. బడిలో ఏడు నెలలు హీటర్లు వెలుగుతాయి. ఆ పొడిగాలికి అచ్చం చెక్క వంకర పోతుంది, బీటలు తీస్తుంది. నా బోర్డు వంగదు, పగలదు. మూడు వేల బల్లలూ ఒకే మందం. అంచుల్లోకి నీళ్లు దిగకుండా చూసుకుంటే చాలు."

"మాట ఇచ్చేశాను కదా, సిక్స్టెన్."

"మరి ఆగస్టు లోపల అన్ని ఓక్ బల్లలు ఎవరు చేస్తారు?"

"టోర్వాల్డ్."

టోర్వాల్డ్ నీమన్ ఆ ఊరికి మిగిలిన ఒకే ఒక్క అచ్చపు చెక్క వడ్రంగి. అతని దగ్గర పనివాళ్లు నలుగురు, అందులో ఒకడికి నడుం నొప్పి. సిక్స్టెన్ లెక్క ప్రకారం ఆ బల్లలు పూర్తయ్యేసరికి ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్నవాళ్లు ఆరో తరగతికి వస్తారు.

ఇంతలో ప్రతిపక్షం వాళ్లు ఒక ప్రశ్న లేవదీశారు. అసలు అధ్యక్షురాలికి ఓక్‌కూ బోర్డుకూ తేడా తెలుసా అని. ఇంకొకరైతే విచారణ సంఘం వేసి రెండేళ్లు కాలం గడిపేవారు. అన్నెలీ ఆ దారి పట్టలేదు. కళ్లకు గంతలు కట్టుకుని, చేత్తో తడిమి, అందరి ముందూ ఓక్‌ను గుర్తుపడతానన్నది.

ఆ రోజు హాల్లో రెండు వందల మంది, విలేకరులు ముగ్గురు. ఒకే రకం ఇనప కాళ్ల మీద రెండు బల్లలు పెట్టారు. ఎడమవైపుది సిక్స్టెన్ బోర్డు, కుడివైపుది టోర్వాల్డ్ ఓక్. ఏది ఎవరిదో ఆ ఇద్దరికే తెలుసు. అన్నెలీ పావుగంట సేపు రెండింటినీ తడిమింది. దాల్చినచెక్క రొట్టెలు తినేవాళ్లు కూడా నమలడం ఆపారు. చివరికి ఆమె ఎడమ బల్ల మీద అరచెయ్యి ఆనించింది.

"ఇదీ ఓక్ అంటే. చెక్కలో ప్రాణం చేతికి తెలిసిపోతుంది."

సిక్స్టెన్ గబగబా లెక్క వేశాడు. నిజం చెబితే అంతమందిలో ఆమె పరువు పోతుంది. పరువు పోయినవాళ్లు సరుకు కొనరు. చెప్పకపోతే ఆర్డరు టోర్వాల్డ్‌కు పోతుంది. ఎటైనా నష్టమే కాబట్టి, ఖర్చు లేని నష్టాన్ని ఎంచుకుని చప్పట్లు కొట్టాడు. టోర్వాల్డ్ మాత్రం ధర్మాత్ముడు గనక నోరు తెరిచాడు. ఆర్డరు తన పేరు మీద చదవడం విని మళ్లీ మూసుకున్నాడు.

కొనుగోళ్ల అధికారి బిర్యెర్ అరోన్‌సన్ నిబంధన తప్పని మనిషి. ఎడమ బల్లకు తాడు కట్టి, లక్కతో సీలు వేసి, 'ఓక్ నమూనా' అని రాసి బీరువా గదిలో పెట్టి తాళం వేశాడు. వచ్చే ప్రతి బల్లా ఆ నమూనాతో అన్ని విధాలా సరిపోలాలి. అది చట్టం.

ఏప్రిల్‌లో టోర్వాల్డ్ మొదటి నలభై ఓక్ బల్లలు తెచ్చాడు. బిర్యెర్ వాటిని రెండు వారాలు హీటరు పక్కన ఉంచి, నమూనాతో పోల్చి, ఎవరి పట్లా పక్షపాతం లేకుండా నివేదిక రాశాడు. ఏ రెండు బల్లల చారలూ ఒక్కలా లేవు. కొన్నింటి మీద ముడులున్నాయి. పలకలు కలిసిన చోట వెంట్రుక దూరేంత సందు వచ్చింది. నమూనాలో ఈ లోపాలేవీ లేవు. కాబట్టి ఇవి ఓక్ కావు.

ఆ సాయంత్రమే టోర్వాల్డ్ ఫ్యాక్టరీకి వచ్చి పొట్టు బస్తా మీద కూలబడ్డాడు.

"ఓక్ తీసుకెళ్తే ఓక్ కాదంటున్నాడయ్యా."

"ఎన్ని కావాలి?"

"మూడు వేలూ. నీ బోర్డువే. చీటీ మాత్రం నాది అంటించు."

"మరి ఆ నలభై?"

"నీ గోడౌన్‌లోనే పడేస్తాను. నా షెడ్డులో చోటు లేదు. వాటి మొహం చూడలేకపోతున్నాను."

రెండో షిఫ్టు నిలిచింది. బల్లలన్నీ ఒక్కటి కూడా తిరిగి రాకుండా పరీక్ష నెగ్గాయి. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఇంత నిఖార్సయిన ఓక్ చూడలేదని బిర్యెర్ ఫైల్లో రాశాడు. ఇచ్చిన మాట చెక్క రూపంలో మీ ముందుంది అని ఆగస్టులో అన్నెలీ పిల్లలకు చెప్పింది. సెప్టెంబరులో ఆమె పార్టీకి రెండు సీట్లు పెరిగాయి. ఈ వ్యవహారం మొత్తంలో ఎవరెవరు ఎక్కడెక్కడ మోసపోయారో పూర్తి లెక్క తెలిసింది తనొక్కడికే అని సిక్స్టెన్ తృప్తి పడ్డాడు.

అక్టోబరులో ఒక శనివారం అన్నెలీ ఒంటరిగా గోడౌన్‌కు వచ్చింది. చెరువు గట్టున ఉన్న తన వేసవి ఇంటికి ఒక బల్ల కావాలన్నది. సిక్స్టెన్ అలవాటుగా బోర్డు గుణగణాలు మొదలుపెట్టాడు.

"వద్దులే. ఆ ఇల్లు చలికాలమంతా మూసే ఉంటుంది. చెమ్మకు నీ బోర్డు అంచులు ఉబ్బుతాయి. టోర్వాల్డ్‌వి నలభై ఇక్కడే ఉన్నాయటగా?"

ఉన్నాయి. బడి కోసం చేయగా మిగిలిన బోర్డు బల్లల్లో కలిసిపోయి, అన్నీ ఒకే రకం గోధుమరంగు కాగితంలో చుట్టి ఉన్నాయి. విప్పి చూస్తే గానీ ఏది ఏదో తెలియదని సిక్స్టెన్ కత్తి కోసం వెళ్లాడు.

అతను తిరిగి వచ్చేసరికి అన్నెలీ చేతి తొడుగు తీసేసింది. కాగితం మూలలో వేళ్లు దూర్చి, అంచు కింద బొటనవేలు రాసి, ఒక్కో బల్లనూ దాటుకుంటూ పోతోంది. చూపు మాత్రం కిటికీ బయట వానమీద ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదో దాని దగ్గర ఆగింది.

"ఇది."

సిక్స్టెన్ కాగితం కోశాడు. ఓక్. మధ్యలో రెండు ముడులు.

అతను కత్తి మడవడం మరిచిపోయి నిలబడ్డాడు.

"ఏం లెక్క వేస్తున్నావు, సిక్స్టెన్?" అన్నది అన్నెలీ తొడుగు వేసుకుంటూ. "ఆ వైపు పట్టుకో. కారు దాకా మోసుకెళ్దాం."