గొంతు ఉంది, మనిషి లేడు

ఆ రోజు తారక్ వేసుకున్న ప్లానులో కష్టమైనదేమీ లేదు. తెల్లారగానే లేవడం, అనకాపల్లి బైపాస్ దగ్గర కంపెనీ బస్సు పట్టుకోవడం, పరవాడ వచ్చేదాకా కిటికీకి తల ఆనించి నిద్రపోవడం, సాయంత్రం వరకు బుద్ధిగా ఉండి ఇంటికి తిరిగి రావడం. ఉద్యోగంలో చేరి ఇంకా నెల కాలేదు. ఈ కొద్దిరోజుల్లో అతనికి బాగా పట్టుబడింది కూర్చున్నచోట నిద్రపోవడం ఒక్కటే. అది కూడా సగం డిగ్రీ కాలేజీలోనే వచ్చేసిన విద్య.

అతనిది మందుల ఫ్యాక్టరీలో ట్రైనీ ఉద్యోగం. తల్లి అప్పలకొండమ్మ "మావోడు మందులు తయారు సేత్తన్నాడు" అని వీధంతా చాటింది. దాంతో చుట్టుపక్కల ఎవరికి జ్వరం వచ్చినా ఏ మాత్ర వేసుకోవాలో తారక్‌నే అడుగుతున్నారు. నిజానికి అతను ఇంతవరకు చేసిన పనల్లా డ్రమ్ముల మీద లేబుళ్ళు అంటించడం. అందులోనూ కొన్ని తలకిందులు. అయినా అతనికి ఆ ఉద్యోగం కావాలి. షిఫ్ట్ ఇన్‌ఛార్జి చంద్రమౌళిగారు మొదటిరోజే చెప్పేశారు. "ట్రైనింగు ఆర్నెల్లు. చెప్పకుండా ఒక్కరోజు ఆబ్సెంటయినా పర్మనెంటు మాట మర్చిపోండి." ఆ సంగతి విన్నప్పటినుంచి అప్పలకొండమ్మ రోజూ అలారంకన్నా ముందే లేచి కొడుకు మొహాన నీళ్ళు చల్లుతోంది.

బస్సు ఎక్కబోతుండగా ఫోను మోగింది. కన్నబాబు. కశింకోట కుర్రాడు. తారక్‌తో ఒకే బెంచీ మీద డిగ్రీ చదివి, ఒకే రోజు ఒకే కంపెనీలో చేరినవాడు.

"బావా, పరవాడ పక్కన అక్కోళ్ళింట్లో ఉండిపోనాను. రేతిరి మేనకోడలి పుట్టినరోజు. కళ్ళు తెరవలేకపోతన్నాను. నా అటెండెన్సు నువ్వు సెప్పీ."

"ఒరే, ఇది కాలేజీ కాదురా. కంపెనీ."

"అక్కడా పేర్లే సదివేవోరు, ఇక్కడా పేర్లే సదువుతారు. తేడా ఏటుంది?"

తారక్ ఆలోచించి చూశాడు. తేడా ఏమీ కనబడలేదు. కొత్తవాళ్ళకి పంచింగ్ కార్డులు ఇంకా రాలేదు. పొద్దున్న మీటింగులో చంద్రమౌళిగారే కాగితం మీదినుంచి తల ఎత్తకుండా పేర్లు చదువుతారు. కాలేజీలో మూడేళ్ళూ కన్నబాబు హాజరు పలికింది తారకే. ఆ లెక్కన కన్నబాబు డిగ్రీలో సగం తారక్‌కే రావాలి. తన పేరు మామూలుగా పలికి, కన్నబాబు పేరుకి జలుబు చేసిన గొంతు పెట్టేవాడు. చదివిన కెమిస్ట్రీ పరీక్ష హాలు గుమ్మం దాటగానే మర్చిపోయాడు గానీ ఆ గొంతు మాత్రం అలాగే ఉంది.

మీటింగులో పని సాఫీగా జరిగిపోయింది. "తారక్" అంటే "ప్రెజెంట్ సార్" అన్నాడు. "కన్నబాబు" అనగానే ముందున్న పొడుగాటి మనిషి చాటున తనే వంగి, "యెస్సార్" అన్నాడు జలుబుగా. చదువు వృథా పోలేదని లోలోపల మురిసిపోతూ లేబుళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

భోజనాలకి ఇంకా టైముండగా సైరన్ మోగింది. ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో నేర్పే మాక్ డ్రిల్లు. చూడటానికి హెడ్డాఫీసు నుంచి ఇద్దరు పెద్దమనుషులు కూడా వచ్చారు. అందరూ పరుగున పోయి గ్రౌండులో వరసగా నిలబడ్డారు. సేఫ్టీ ఆఫీసరు షెకీనా మేడమ్ తలలు లెక్కపెట్టింది.

"సార్, ఒకరు తక్కువున్నారు."

చంద్రమౌళిగారు కాగితం తీసి పేర్లు చదివారు. "కన్నబాబు" అనగానే వెనక వరసలోంచి "యెస్సార్" అని వినబడింది. తారక్ అనాలనుకుని అన్నది కాదు. మూడేళ్ళ అలవాటు, నోరు అతన్ని అడగలేదు.

"ఏడీ? చెయ్యెత్తు."

చెయ్యి లేవలేదు.

"ఉన్నానన్నాడు కదయ్యా ఇప్పుడే! కన్నబాబూ!"

ఇప్పుడు పలక్కపోతే ఇందాకటిది ప్రాక్సీ అని తెలిసిపోతుంది. తారక్ తల వంచేసుకుని, పెదాలు కదపకుండా, ఇంకా సన్నగా "యెస్సార్" అన్నాడు.

"గొంతు నీరసంగా ఉందేటి?" అన్నారు చంద్రమౌళిగారు. "ఆ గోడవైపు నుంచి వచ్చింది."

తారక్ వెనక ఖాళీ డ్రమ్ముల యార్డు, దాని వెనక ప్రహరీగోడ. షెకీనా మేడమ్ మొహం పాలిపోయింది. "డ్రమ్ముల మధ్య పడిపోయాడేమో! స్ట్రెచర్ తీసుకురండి!"

సైరన్ మళ్ళీ మోగింది. ఈసారి అబద్ధపు సైరన్ కాదు. మాస్కులు తొడుక్కున్న మనుషులు యార్డులోకి పరిగెత్తారు. నిజం చెప్పేద్దామని తారక్ "సార్" అంటూ ముందుకొచ్చాడు. చంద్రమౌళిగారు అతని భుజం మీద చెయ్యివేశారు. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"నీ ఫ్రెండు కదా. ధైర్యంగా ఉండాల. ఆళ్ళింటికి కబురు పెట్టాలి."

ఇంటికి కబురు వెళ్తే ఇంకేముంది, ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. "నేను సేత్తాను సార్" అంటూ తారక్ గేటు దగ్గరికి పరిగెత్తాడు. లోపలికి ఫోన్లు తేనివ్వరు, అన్నీ గేటు దగ్గరే పెట్టెలో ఉంటాయి. తన ఫోను తీసుకుని రోడ్డు మీదికి వచ్చాడు.

"ఒరే, నెగురా! నువ్వు తప్పిపోయేవు!"

"ఎక్కడ?" అన్నాడు కన్నబాబు ఆవలిస్తూ.

"కంపెనీలో!"

"నేను కంపెనీకి రాలేదు కదా బావా."

"అదే కదరా గొడవ! రాకుండా తప్పిపోయేవు. బేగొచ్చి దొరుకు!"

"ఇందాకట్నుంచి ఒకటే సైరను. నిద్దర పాడైపోనాది. అది నాకోసమేనా?"

కన్నబాబు బావగారి మోపెడ్ మీద వచ్చాడు. పైన కంపెనీ చొక్కా, కింద గళ్ళ లుంగీ. ప్యాంటు అక్క తడిపేసిందట. గేటులోంచి వెళ్తే వాచ్‌మన్ చూస్తాడని ఇద్దరూ గోడ చుట్టూ తిరిగి యార్డు వెనక్కి వెళ్ళారు. తారక్ గోడ పట్టుకుని వంగాడు. కన్నబాబు అతని భుజాల మీదికెక్కి, గోడ అందుకుని, లుంగీ ఎగ్గట్టి అవతలికి దూకాడు. డ్రమ్ములు దొర్లిన చప్పుడు, దాని వెనకే "ఓలమ్మో!" అని కేక. ఆ కేకలో నటన ఏమీ లేదు.

"దొరికేడు! దొరికేడు!"

స్ట్రెచర్ మీద మోకాలు పట్టుకుని మూలుగుతున్న కన్నబాబును చూసి హెడ్డాఫీసు పెద్దలు చప్పట్లు కొట్టారు. "ఎంత సహజంగా ఉందండీ! తప్పిపోయిన మనిషిని ముందే దాచి ఉంచారన్నమాట. ఇలాంటి డ్రిల్లు మేము ఇంకెక్కడా చూడలేదు."

ఈ కుర్రాణ్ణి దాచింది షెకీనా మేడమే అనుకున్నారు చంద్రమౌళిగారు. చంద్రమౌళిగారే అనుకుంది ఆవిడ. నాకు తెలియదని పెద్దల ఎదుట ఒప్పుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు, అందుకని ఇద్దరూ వినయంగా నవ్వారు.

"మరి ఆ లుంగీ?" అని అడిగారు ఒక పెద్దాయన.

"అది కూడా డ్రిల్లులో భాగమే సార్" అన్నారు చంద్రమౌళిగారు.

ఒళ్ళు హూనం చేసుకుని మరీ సహకరించిన ఇలాంటి కుర్రాణ్ణి ట్రైనీగా ఉంచడం న్యాయం కాదని, ముందు అతన్ని పర్మనెంటు చెయ్యమని పెద్దలు అక్కడికక్కడే చెప్పారు. గోడకి ఇవతల నిలబడి తారక్ అంతా విన్నాడు. ఉద్యోగాలు నిలబడ్డాయని ప్రాణం లేచొచ్చింది. భుజాల మీది మట్టి దులుపుకుని గేటువైపు రెండడుగులు వేశాడు.

"ఒకసారి తలలు లెక్కపెట్టి పంపించేద్దాం" అంది లోపల షెకీనా మేడమ్. కాసేపాగి, "సార్, మళ్ళీ ఒకరు తక్కువున్నారు."

చంద్రమౌళిగారు పేర్లు చదువుతూ "తారక్" అన్నారు.

గేటు దాకా వెళ్ళే టైము లేదు. తారక్ గోడకి మొహం ఆనించి, జలుబూ బొంగురూ ఏమీ లేకుండా, అమ్మ ఇచ్చిన సొంత గొంతుతో, ప్రాణమంతా పెట్టి అరిచాడు. "ప్రెజెంట్ సార్!"

అందరూ గోడవైపు చూశారు. గొంతు ఉంది, మనిషి లేడు. ఒకే రోజు రెండోసారి మోసపోవడానికి చంద్రమౌళిగారు సిద్ధంగా లేరు. ఇందాక భుజం తట్టి ఫోనుకి పంపింది ఆ తారక్‌నే అన్న సంగతి ఆ కోపంలో ఆయనకి గుర్తు రాలేదు.

"ఎవడ్రా ప్రాక్సీ సెప్తన్నాడు? ఇదేమన్నా కాలేజీ అనుకున్నారా?" స్ట్రెచర్ వైపు తిరిగారు. "కన్నబాబూ, నీ ఫ్రెండే కదా. అది తారక్ గొంతేనా?"

అవునంటే అతను గోడ అవతల ఎందుకున్నాడో చెప్పాలి. కన్నబాబు మూలగడం ఆపి, మొహానికున్న ఆక్సిజన్ మాస్కు కాస్త పైకెత్తాడు.

"కాద్సార్."

తారక్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. మూడేళ్ళు తన గొంతుతో కన్నబాబును బతికించాడు. తనకోసం ఒక్కసారి వాడుకుంటే పనికిరాలేదు. పొద్దున పలికింది కూడా ప్రాక్సీయేనని తేల్చి పేరు పక్కన ఆబ్సెంటు వేశారు, ట్రైనింగు మర్నాటినుంచి మళ్ళీ మొదలన్నారు.

సాయంత్రం కన్నబాబు కంపెనీ బస్సులో ఇద్దరి సీటు మీద కాళ్ళు చాపుకుని వెళ్ళాడు. తారక్ షేరాటో ఎక్కాడు. డ్యూటీకి రాని మనిషికి తిరుగు ప్రయాణంలో సీటు ఇవ్వడం రూల్సు ఒప్పుకోవట.