ఉట్టి మీది రొట్టెలూ, ఓబులేసు విరహమూ

తన చేత్తో తాను మంచినీళ్ళు ముంచుకు తాగలేని మగవాడే నిజమైన ప్రేమికుడు! ఈ మాట అనడానికి నాకేమీ సంకోచం లేదు. పాఠకులారా, కోప్పడకండి. చివరిదాకా చదివి అప్పుడు కోప్పడండి.

కర్నూలు రాజధాని అయి, డేరాల్లో ఆఫీసులు వెలిసిన దగ్గర్నుంచీ మన వైపు చదువుకున్నవాళ్ళు మరీ ఎక్కువయ్యారు. ఒకరు లేనిదే ఒకరు కాలు కదపలేకపోవడం ప్రేమ కాదట, పరాధీనతట, అదొక జబ్బట! అలాగైతే మన వారపత్రికల సీరియళ్ళేం కావాలి? వాటిలో నాయకుల గతేం కావాలి?

లలితమోహనరావునే తీసుకోండి. అతగాడు నాయకుడుగా వచ్చే సీరియల్ చదవని ఇల్లు మన జిల్లాలో ఉందా? మొదటి నాయిక పుట్టింటికి వెళితే అతనికి నూటనాలుగు జ్వరం. రెండో నాయిక అలిగిననాడు కోటు గుండీలు పెట్టుకోలేక నడివీధిలో వణికిపోయాడు. మూడో నాయిక పైచదువుకు వెళ్తానంటే అన్నం మానేశాడు. ఆమె కాలేజీ కాగితాలు చింపేసి, పరుగున వచ్చి, బత్తాయి రసం తాగించింది. ఇంతకంటే ప్రేమ ఉంటుందా? ఆమె చదువేమైందని అడిగేవాడు ఉత్త రసహీనుడు.

కోయిలకుంట్ల ఓబులేసు రసహీనుడు కాడు. గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే ఉద్యోగం అతనిది. బస్సులో పత్రిక దిగగానే ఊళ్ళో మొదట చదివేది అతనే. సాయంత్రం తన ఇంటి అరుగు మీద ఆడవాళ్ళు విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తుంటే పైకి చదివి వినిపించేవాడు. నాయకుడు ఏడ్చినచోట తనూ ఏడ్చేవాడు.

"అంతా బాగుండాది గానీ, ఏమప్పా ఓబులేసూ," అంది ఒకనాడు పక్కింటి ముసలి భీమమ్మ, చేట పక్కన పెట్టి. "కన్నీళ్ళు శానా కారుస్తాండాడే, ఆ పిల్లకు ఎప్పుడన్నా ఒక కడవ నీళ్ళు తోడిచ్చినాడా?"

ఓబులేసు వెనక పేజీలన్నీ తిరగేశాడు. ఎక్కడా లేదు.

"అట్లాంటివి రాయరులే అవ్వా" అన్నాడు చిన్నబుచ్చుకుని.

తొమ్మిదేళ్ళ కాపురంలో ఓబులేసు ప్రేమా ఈ జాతిదే. తువ్వాలు, చొక్కా, వక్కాకు, అన్నీ భార్య హంపమ్మ చేతికందిస్తేనే. "నువ్వు లేకుంటే నేను బతకలేను హంపీ" అనేవాడు. ఆ మాటకు హంపమ్మకు కడుపు నిండిపోయేది. తను లేకపోతే ఇల్లు నిలవదంటే ఎవరికి తియ్యగా ఉండదు చెప్పండి?

అలాంటి కాపురంలోకి ఒక కాగితం వచ్చిపడింది. ఊరి బడిలో పంతులమ్మ జ్ఞానమణి హంపమ్మకు చదువు చెప్పి, ఎనిమిదో తరగతి పరీక్ష పాస్ చేయించి, టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టించింది. కడపలో సీటొచ్చింది. రెండేళ్ళు హాస్టల్లో ఉండాలి. పదో తేదీలోగా చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

ఓబులేసు వద్దన్నాడా? ఛ, ప్రేమికులు వద్దంటారా! "పోతే పో. నేనేమైపోతానో నాకే తెలీదు" అన్నాడు, అంతే.

అమ్మకు చెప్పిరావడానికి హంపమ్మ బనగానపల్లెకు వెళ్ళింది. మూడోనాడు బస్సు కండక్టరు చేత ఉత్తరం అందింది. "ప్రాణేశ్వరీ! నీవు వెళ్ళిన క్షణం మొదలు నా గొంతులో మెతుకు దిగలేదు. నీ చేతి బత్తాయి రసమే నా ప్రాణాలు నిలపాలి!" ఆ ఇంటికి బత్తాయి ఎన్నడూ వచ్చిన పాపాన పోలేదు. అయినా హంపమ్మ గుండె ఝల్లుమంది. కడపా వద్దు గిడపా వద్దనుకుని, చింపేయడానికి సిద్ధంగా కాగితం పిడికిట్లో పట్టుకుని, తర్వాతి బస్సులోనే వచ్చేసింది.

ఓబులేసు మంచం మీద ఉన్నాడు. నిజంగానే కళ్ళు లోతుకుపోయాయి. భీమమ్మ పక్కన కూర్చుని నీళ్ళు తాగిస్తోంది. హంపమ్మ ఏడుస్తూ వంటింట్లోకి పరుగెత్తి, తలెత్తి ఉట్టి కేసి చూసింది. వెళ్ళేముందు వారానికి సరిపడా కాల్చిపెట్టిన జొన్నరొట్టెలు గంపలో, కట్టిన గుడ్డ కట్టినట్టే ఉన్నాయి.

"రొట్టెలు తినలేదేం?"

"యాడుండాయి?" అన్నాడు ఓబులేసు.

పాపం, అతనికి నిజంగానే తెలియదు! తొమ్మిదేళ్ళుగా పీట వేసుకుని తినే చోటుకు సరిగ్గా నెత్తిమీదే ఉంది ఆ ఉట్టి. అటు తలెత్తే అవసరం అతనికి రానివ్వనిది తనేనని హంపమ్మకు అప్పుడు తట్టింది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

"నా కోసరం పస్తులుండావనుకుంటినే! రొట్టె యాడుండాదో తెలీక ఉంటివా?" అంది. కాగితం మడిచి రొంటిన దోపుకుని, అతన్ని వంటింట్లోకి నడిపించి, ఉట్టి కింద పీట వేసింది. "ఎక్కు. దించుకో."

పదో తేదీకి కడపలో చేరింది.

తర్వాతి కథ చెప్పడానికి నా కలం వణుకుతోంది. నెల తిరక్కుండా హంపమ్మకు ఓబులేసు రాసిన కార్డు ఇది:

"హంపమ్మకు. రొట్టెలు తడ్తాండా. మూడు చినిగిపోయె, ఒకటి నిలిచె. బాయికాడ తాడు తెగితే కొత్తది వేస్తి. భీమమ్మవ్వకు గూడా రెండు కడవలు తోడిస్తాండా. ఆడ నీకు నీళ్ళకు ఇబ్బందిగా ఉండాదా? రాయి. బాగా చదువుకో. ఓబులేసు."

చూశారా ఘోరం! ప్రాణేశ్వరి లేదు. గొంతులో మెతుకు దిగకపోవడం లేదు. ఒక్క కన్నీటి మరకైనా లేదు! పైగా, నీకు ఇబ్బందా అని ఒక ప్రశ్న! లలితమోహనరావు ముగ్గురు నాయికల్లో ఒక్కరినైనా అలాంటి మొరటు ప్రశ్న అడిగాడా? ఆ ఇంట్లో ప్రేమ చచ్చిపోయిందని నా నిశ్చితాభిప్రాయం.

కానీ కడప వెళ్ళి చూసొచ్చిన జ్ఞానమణి చెప్పిన సంగతొకటి నాకు మింగుడుపడటం లేదు. ప్రాణేశ్వరి ఉత్తరాన్ని హంపమ్మ కోయిలకుంట్లలోనే వదిలేసి వెళ్ళిందట. ఈ కార్డును మాత్రం పెట్టెలో చీరల అడుగున దాచుకుందట. అది చదివిన రోజున, తొమ్మిదేళ్ళలో మొట్టమొదటిసారి, ఆమెకు మొగుడి మీద బెంగ పుట్టిందట.