అమ్మ పోనాది

ఆ శనివారం పొద్దున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. షాలేమ్‌రాజు మాకవరపాలెం వెళ్లి ఒక రైసుమిల్లాయన ఏసీ బాగుచేసి పదింటికల్లా వచ్చేస్తాడు. ఈలోగా అతని భార్య మారిసెల్ వాళ్లమ్మకు వీడియో కాల్ చేసి కొత్త ఇల్లంతా చూపిస్తుంది. ఆ తరవాత నాలుగేళ్ల దీనాను బండి మీద ముందు కూచోబెట్టుకుని ముగ్గురూ ఏటికొప్పాక వెళ్లి లక్క బొమ్మలు కొనుక్కొస్తారు. అంతే.

మారిసెల్‌ది ఫిలిప్పీన్స్‌లో సముద్రం ఒడ్డున ఒక పల్లె. దోహాలో ఓ హోటల్లో ఆమె బట్టలు ఇస్త్రీ చేసే విభాగంలో ఉండేది, షాలేమ్‌రాజు అక్కడే ఏసీ మెకానిక్కు. పెళ్లయి, పాప పుట్టి, ఆ పాపకు మాటలు కూడా వచ్చాక అతనికి సొంత ఊళ్లో షాపు పెట్టుకోవాలనిపించింది. నర్సీపట్నంలో పెదబొడ్డేపల్లి వైపు ఒక మేడ ఇల్లు అద్దెకు తీసుకుని భార్యాబిడ్డలను తీసుకొచ్చాడు. వచ్చి ఇరవై మూడు రోజులైంది. రోజులు లెక్కపెట్టేది మారిసెల్ ఒక్కతే.

వీధి వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. గేటు బయట నిలబడి నవ్వేవారు, ఆమె గేటు లోపల నిలబడి నవ్వేది. ఆ పిల్లకి మన మాట రాదు, మనకి ఆ పిల్ల మాట రాదు, లోపలికెళ్లి ఏం చేస్తాం అనుకుని ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయేవారు. మధ్యాహ్నం వీధంతా పడుకున్నాక మారిసెల్ చల్లటి గచ్చు మీద పడుకుని ఫాను చప్పుడు వినేది. కళ్లు మూసుకుంటే ఒక్కోసారి అది వాళ్ల ఊరి అలల చప్పుడులా ఉండేది. సముద్రం ఇక్కడికీ దూరమేం కాదు, బండి మీద గంట. ఒకసారి షాలేమ్‌రాజు తీసుకెళ్లాడు కూడా. నీళ్లు అవే, ఉప్పు అదే. కాని ఆ ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తూ "మారీ, అన్నం తిన్నావా?" అని కేకేసే మనిషి లేదు.

తెలుగు నేర్చుకోవాలని ఆమె ఒక నోటుబుక్కు పెట్టింది. మాటలు వీధిలోంచే ఏరుకునేది. అందులో ఆమెకు బాగా పట్టుబడ్డ మాట ఒకటుంది. ఫాను ఆగిపోగానే వీధి మొత్తం "కరెంటు పోనాది" అనేది. పంపు ఆగిపోతే "కొళాయి పోనాది". టీవీలో బొమ్మ చెదిరితే "సిగ్నల్ పోనాది". పోనాది అంటే ఇప్పటిదాకా ఉండి ఇప్పుడు లేనిది, కాసేపట్లో మళ్లీ వచ్చేది. నోటుబుక్కులో అలాగే రాసుకుంది.

ఎనిమిదిన్నరకు కాల్ కలిసింది. అవతల వాళ్లమ్మ చేప తోముతూ కూర్చుంది. దీనా ఫోను పట్టుకుని ముందు నడుస్తూ "లోలా, చూడు" అంటూ హాలు చూపించింది, వంటిల్లు చూపించింది, గోడ మీద బల్లిని చూపించింది. లోలా అంటే వాళ్ల భాషలో అమ్మమ్మ. ఆవిడ అన్నీ చూసి, "ఇల్లు పెద్దదే. నీకు జ్వరం వస్తే గంజి కాచిచ్చేవాళ్లు ఎవరున్నారు?" అని అడిగింది.

"అందరూ ఉన్నారు," అంది మారిసెల్. అబద్ధం చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎప్పుడూ కొంచెం సన్నబడుతుంది.

ఫోను తీసుకుని పెరట్లో బట్టలుతికే బండ దగ్గరకు వచ్చింది. వారం రోజులుగా మనసులో తయారుచేసుకున్న మాట ఒకటుంది. ఇక్కడ ఉండలేకపోతున్నానని, పాపను తీసుకుని వచ్చేస్తానని. "నానాయ్, నేను..." అని, తల్లిని వాళ్ల భాషలో పిలుస్తూ మొదలుపెట్టింది. తెర మీద అమ్మ చేతిలో చాకు, సగం తెరిచిన నోరు, అలాగే బిగుసుకుపోయాయి. తరవాత బొమ్మే పోయింది. ఆ ఇంట్లో సిగ్నల్ సరిగ్గా దొరికేది మేడ మీదే.

మారిసెల్ కళ్లు నిండిపోయాయి. సరిగ్గా అప్పుడే పిట్టగోడ అవతల బట్టలారేస్తున్న పక్కింటి నూకరత్నం చూసింది.

"ఏటమ్మా, ఏటైంది? ఏటలాగున్నావు?"

మారిసెల్ ఫోను చూపించి, తనకు వచ్చిన తెలుగంతా కూడగట్టుకుని చెప్పింది. "ఆంటీ, అమ్మ పోనాది."

నూకరత్నం చేతిలో చీర బురదలో పడింది. "ఓలమ్మో! ఎప్పుడే తల్లీ?"

"ఇప్పుడే."

"ఏటి జబ్బు సేసిందే?"

జబ్బు అనే మాట నోటుబుక్కులో ఇంకా ఎక్కలేదు. "సిగ్నల్ లేదు," అంది మారిసెల్. "మాట్లాడుతూ, మాట్లాడుతూ... పోనాది."

"ఆకరి సూపు కూడా సరిగ్గా దక్కలేదన్నమాట నా తల్లికి!" నూకరత్నం ముక్కు చీదింది. ఆవిడ ఎందుకు ఏడుస్తోందో తెలియక మారిసెల్ ఆవిణ్ణే ఓదార్చబోయింది. "పర్లేదు ఆంటీ. మళ్లీ వస్తుంది."

నూకరత్నం చేతులు జోడించింది. సర్చికెళ్లే వాళ్లకు ఆ నమ్మకం ఉంటుందని ఆవిడ వినే ఉంది. తల్లి పోయిన నిమిషంలో ఇంత ధైర్యంగా అనగలిగిన పిల్లను చూడటం మాత్రం అదే మొదటిసారి.

అయిదు నిమిషాల్లో నూకరత్నం గేటు తీసుకుని లోపలికొచ్చింది. ఆ గేటు తీసిన మొదటి పొరుగు మనిషి ఆవిడే. వస్తూనే వంటింట్లోకి వెళ్లి, ప్రయాణానికని ఉడుకుతున్న గుడ్ల కింద స్టవ్వు కట్టేసింది. "ఈయాల మీ ఇంట్లో పొయ్యి ఎలగకూడదు. ఇడ్లీలు మా ఇంట్లోంచి వస్తాయి." తరవాత మారిసెల్‌ను దగ్గరకు లాక్కుని తల గుండెలకు అదుముకుంది.

ఆవిడ చీర మీద పసుపు వాసన, సబ్బు వాసన, వంటింటి పొగ వాసన. ఇరవై మూడు రోజుల్లో మొగుడూ కూతురూ కాక ఇంకో మనిషి తనను ముట్టుకోవడం అదే మొదలు. మారిసెల్‌కు కట్ట తెగింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు గోడ దాటి, ఎదురింటి అప్పయమ్మ వరకూ వెళ్లింది. అప్పయమ్మ వచ్చింది, ఆమె వెనకాల వరహాలక్ష్మి వచ్చింది, వరహాలక్ష్మి వెనకాల వీధి వచ్చింది.

నూకరత్నం భర్త జగదీశ్వరరావు ముందు కుర్చీలు తెప్పించాడు, తరవాత షాలేమ్‌రాజు వెళ్లే చర్చి పాస్టరు వరదానంగారికి ఫోన్ చేశాడు. ఎవరో నీళ్ల క్యాను పెట్టారు. ఎవరో మారిసెల్ జడ విప్పేశారు. ఒకామె తరవాత ఒకామె వచ్చి పక్కన కూర్చుని, అర్థం కాని మాటలేవో అంటూ చెంపలు నిమిరింది. నర్సీపట్నంలో ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాళ్లను ఇలా ఓదారుస్తారు కాబోలు అనుకుంది మారిసెల్. ఇన్నాళ్లూ వీళ్లను అపార్థం చేసుకున్నందుకు సిగ్గుపడి, ఇంకాస్త ఏడ్చింది.

అప్పయమ్మ దీనాను ఒళ్లో కూచోబెట్టుకుని బిస్కట్టు ఇచ్చింది. "మీ అమ్మమ్మ ఎక్కడుందే బంగారూ?"

కాల్ ఎప్పుడూ మేడ మీదే కలుస్తుందని దీనాకు తెలుసు. వేలెత్తి పైకి చూపించింది. "పైన."

హాలంతా గొల్లుమంది. దీనాకు ఇంకో బిస్కట్టు దొరికింది.

పైన అనే మాట వినగానే మారిసెల్‌కు గుర్తొచ్చింది, అవతల అమ్మ కంగారు పడుతుంటుందని. కళ్లు తుడుచుకుని లేచి మెట్లవైపు నడిచింది. "ఎక్కడికే తల్లీ?" అంది నూకరత్నం.

"అమ్మ దగ్గరికి."

"ఓలమ్మో, పట్టుకోండర్రా! మేడ మీదికి పోనివ్వకండి!"

నలుగురు ఆడవాళ్లు ఆమెను పట్టి తెచ్చి చాప మీద కూచోబెట్టారు. ఆ ఫోను చూస్తూ ఉంటే బెంగ ఎక్కువవుతుందని అప్పయమ్మ దాన్ని లాక్కుని బొడ్లో దోపుకుంది. ఎందుకైనా మంచిదని వెళ్లి మెట్లకు అడ్డంగా కింది మెట్టు మీద కాపలా కూర్చుంది.

మాకవరపాలెంలో నిచ్చెన మీదున్న షాలేమ్‌రాజుకు పాస్టరుగారి ఫోన్ వచ్చింది. "నాయనా, ధైర్యం తెచ్చుకో. మీ అత్తగారిని ప్రభువు పిలుచుకున్నాడు." అతను మారిసెల్‌కు పదిసార్లు చేశాడు. తగల్లేదు. పెళ్లయి అయిదేళ్లయినా ఒక్కసారి కూడా ఆ తల్లికి ఎదురుగా నిలబడి దణ్ణం పెట్టలేదు, వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ జరిపేశాడు. ఆ పిల్లను తల్లికి ఇంత దూరం తెచ్చి పడేసింది తనే. దారి పొడుగునా బండి నడుపుతూ ఏడ్చాడు. మధ్యలో ఆగి, ఫ్లెక్సులు వేసే స్నేహితుడు బుల్లిబాబుకు అత్తగారి ఫోటో పంపి, "బేగి తీసుకొచ్చేయిరా," అన్నాడు. ఆవిడ కోసం ఈ ఊళ్లో తను చేయగలిగింది అతనికి ఇంకేమీ తోచలేదు.

అతను వచ్చేసరికి ఇంటి ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. జనంలోంచి దారి చేసుకుని వెళ్లి భార్య చేతులు పట్టుకున్నాడు. వాళ్లిద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటారు.

"నన్ను క్షమించు మారీ. ఆలస్యం చేసేశాను."

ఏటికొప్పాక ప్రయాణం గురించే అనుకుంది ఆమె. "ఫరవాలేదు, రేపు వెళ్దాం."

అతను నిర్ఘాంతపోయి పాస్టరుగారి వైపు చూశాడు. మనిషికి మతి చెదిరిందని ఆయనకూ అర్థమైంది. ఇక ఆలస్యం చేయకూడదని బైబిలు తెరిచి, కళ్లు మూసుకుని, "పరలోకమందున్న మా తండ్రీ, మా సోదరి తల్లిగారి ఆత్మను..." అని అందుకున్నారు.

అదే సమయానికి బుల్లిబాబు ఫ్లెక్సు తెచ్చి గోడకు కట్టాడు. ఆరడుగుల ఎత్తున మారిసెల్ తల్లి, ఎర్ర గౌనులో, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. బుల్లిబాబు ఆవిడ చుట్టూ మబ్బులు పెట్టాడు, మబ్బుల మీద తెల్ల పావురాలు పెట్టాడు. పైన "అశ్రునివాళి" అని, అడుగున ఆనాటి తేదీ.

తెలుగు చదవడం రాని మారిసెల్ ఆ బొమ్మను చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తనకు అమ్మ మీద బెంగగా ఉందని వీధి వీధంతా కలిసి అమ్మను ఇంత చేసి తెచ్చి ఇంట్లో పెట్టింది! లేచి వెళ్లి ఆ ప్లాస్టిక్కు చెంపకు తన చెంప ఆనించి, అలా ఉండిపోయింది. ప్రార్థన మధ్యలో పాస్టరుగారు కూడా రుమాలు తీసి కళ్లు తుడుచుకున్నారు.

జనం తలల మీదుగా ఆ బొమ్మను చూడాలని అప్పయమ్మ పైమెట్టు దాకా ఎక్కింది. అక్కడ సిగ్నల్ బాగానే ఉంటుంది. బొడ్లో ఫోను గిర్రుమంది. ఆవిడ ఉలిక్కిపడి తీసి, ఎక్కడో నొక్కింది. ఎర్ర గౌను లేదు, మబ్బులు లేవు కాని, మొహం అదే. గోడ మీదున్న మొహమే చేతిలో కదిలి గట్టిగా అరుస్తోంది.

"వచ్చీసింది! సచ్చిపోయినావిడ వచ్చీసిందిరా నాయనోయ్!"

ఫోను ఆవిడ చేతిలోంచి జారి, మెట్టు మెట్టుకీ కొట్టుకుంటూ దిగి, మారిసెల్ కాళ్ల దగ్గర ఆగింది. ఆమె తీసింది. అవతల రెండు గంటలుగా కాల్ చేసి చేసి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న తల్లికి జుట్టు విరబోసుకున్న కూతురు, ఏడుస్తున్న జనం, పుస్తకం పట్టుకున్న పాస్టరు కనిపించారు. ఆవిడ గుండె బాదుకుంటూ అడిగింది. ఆ ప్రశ్నను మారిసెల్ బుద్ధిగా తెలుగులో అందరికీ అప్పజెప్పింది.

"అమ్మ అడుగుతోంది. ఎవరు పోనాది?"

 ముందు నూకరత్నమే నోరు తెరిచింది. "నువ్వే కదే సెప్పావు, మీ అమ్మ పోనాదని?"

"అవును ఆంటీ. ఇప్పుడు వచ్చింది."

షాలేమ్‌రాజు ఫోనును చూశాడు, ఫ్లెక్సును చూశాడు, భార్యను చూశాడు. తరవాత నేల మీద చతికిలబడి, ఆమె చెవిలో ఆ మాటకున్న రెండో అర్థం చెప్పాడు. మారిసెల్ మొహం జుట్టులో దాచుకుంది. నూకరత్నం మొదట నవ్వింది. ఆ నవ్వు చెప్పుల గుట్ట దాకా పాకింది. పాస్టరుగారు గొంతు సవరించుకుని, బైబిలు మూయకుండానే అదే ప్రార్థనను కృతజ్ఞతా ప్రార్థన కిందకు మార్చేశారు.

"ఇల్లు పూర్తిగా చూడలేదు నేను," అంది ఫోనులో తల్లి, కళ్లు తుడుచుకుంటూ. షాలేమ్‌రాజు ఆ మాట తెలుగులో చెప్పాడో లేదో, నూకరత్నం ఫోను లాక్కుంది. నిజానికి ఆ ఇల్లు లోపల ఎలా ఉందో వీధి వాళ్లూ చూడలేదు. నలభైమందీ కలిసి గది గదీ తిరిగారు. ఫోను చేతులు మారుతూ పోయింది. "ఇది వంటిల్లండి వదినగారూ," అని ఒకరు, "ఈ కిటికీకి తూర్పుగాలి," అని ఇంకొకరు. ఆవిడ తన భాషలో జవాబులు చెప్పింది. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదు, మాట మాత్రం ఎక్కడా ఆగలేదు. మారిసెల్ అందరి వెనకా, తన ఇంట్లోనే చుట్టంలా, మెల్లగా నడిచింది.

మేడ మీద ఫోను ఆమె చేతికొచ్చింది. "పొద్దున ఏదో చెప్పబోయావు," అంది తల్లి. "ఏమిటి?"

మారిసెల్ కింద వీధి వైపు చూసింది. వరహాలక్ష్మి దీనాకు జడ వేస్తోంది. గుండెలో ఆ బరువు అలాగే ఉంది, ఎక్కడికీ పోలేదు. రేపు మధ్యాహ్నం ఫాను మళ్లీ అలల్లాగే మోగుతుంది. కాని చెప్పాలనుకున్న మాట నోట్లోకి వచ్చేసరికి ఎలాగో అటుది ఇటైంది.

"నువ్వు రా నానాయ్. నాకు నిన్ను చూడాలని ఉంది."

తల్లి వస్తానని తల ఊపింది. తరవాత, గోడ మీద తన బొమ్మ పెద్దది ఒకటి కనిపించిందని, దాని మీద ఏం రాశారని అడిగింది. షాలేమ్‌రాజు పక్కనుంచి "స్వాగతం" అని రాశామన్నాడు. మరి ఆ తేదీ ఏమిటంది. ఈ రోజు నుంచే ఎదురుచూస్తున్నామన్నాడు.

మార్చి నెలలో ఆవిడ వస్తోంది. తను దిగే రోజు గేటుకి ఆ ఫ్లెక్సే కట్టాలని, దాని మీద ఒక్క అక్షరం కూడా మార్చకూడదని గట్టిగా చెప్పింది.